24 పాయింట్లు, 70 పౌండ్లు, 41 బొమ్మలు

బల్ల మీద చిన్న చిన్న బొమ్మల సేనలు నిలబెట్టి, పాచికలు వేస్తూ ఆడే యుద్ధపు ఆట (వార్‌గేమ్) మొదలుపెట్టాలనుకుంటే, బొమ్మల పెట్టె కొనే ముందు కత్తెర తీసుకోండి. ఇంట్లో పాత అట్టపెట్టె ఏదైనా ఉంటే పోస్టుకార్డు సైజు ముక్కలు ఆరో ఏడో కోసి, ఒక్కో దాని మీద ఒక్కో యూనిట్ (కలిసి కదిలే బొమ్మల జట్టు) పేరు రాయండి. ఆ అట్టముక్కలతో కనీసం మూడు ఆటలు ఆడండి. బొమ్మల మీద డబ్బు పెట్టడం ఆ తర్వాత. నేను దీన్ని తలకిందులుగా చేసి వంద పౌండ్లకు పైగా వదిలించుకున్నాను కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

మాది భీమవరం. నాన్నకు కిరాణా కొట్టుండేది. నేనిప్పుడు ఇంగ్లండులో డెర్బీలో ఉంటున్నాను. చలికాలం నాలుగింటికే చీకటి పడిపోతుంది, ఏదో ఒక వ్యాపకం లేకపోతే పిచ్చెక్కుతుంది. ఆఫీసులో ఒకామె చెబితే, గురువారం సాయంత్రాలు ఒక చర్చి హాల్లో జరిగే వార్‌గేమ్ క్లబ్‌కి వెళ్లడం మొదలుపెట్టాను. అక్కడ ఎక్కువమంది ఆడేది వార్‌హామర్. దాన్ని తయారుచేసే గేమ్స్ వర్క్‌షాప్ ఉన్నది పక్కనే నాటింగ్‌హామ్‌లో, కాబట్టి ఈ చుట్టుపక్కల అది ఇంటి ఆటలాంటిది. మొదటి రోజే ఒకాయన 2,000 పాయింట్ల సేన బల్ల మీద పరిచాడు (పాయింట్లంటే ఆటలో ఒక్కో యూనిట్‌కి ఉండే ధర, ఇద్దరి సేనలకూ మొత్తం ఒకటే ఉండాలి). ఎంతయిందండీ అని అడిగితే పెట్టెల లెక్క చెప్పాడు గానీ డబ్బు లెక్క చెప్పలేదు.

నాకు నప్పింది డ్రాగన్ ర్యాంపెంట్. 2015లో ఓస్ప్రే వాళ్లు వేసిన సన్నటి నియమాల పుస్తకం. బొమ్మలు ఏ కంపెనీవైనా ఒప్పుకుంటుంది. సేనకు 24 పాయింట్లు. పూర్తి కవచంలో ఉన్న గుర్రపు వీరులను ఎలీట్ రైడర్స్ అంటారు, ఒక యూనిట్ 6 పాయింట్లు. డాలూ ఈటే పట్టుకున్న కాల్బలం హెవీ ఫుట్, 4. విలుకాళ్లు లైట్ మిసైల్స్, 4. ముందుకెళ్లి చికాకు పెట్టొచ్చే స్కౌట్స్, 2. చేతికి దొరికింది పట్టుకుని వచ్చిన మంద రావెనస్ హోర్డ్స్, 1. ట్రోల్ లాంటి పెద్ద మృగాలు గ్రేటర్ వార్‌బీస్ట్స్, 6. ప్రతి యూనిట్‌కీ బలం 12 గానీ 6 గానీ ఉంటుంది. అందుకే కాల్బలంలో మామూలుగా 12 బొమ్మలు, గుర్రాల్లో 6 పెడతారు. నేను చెప్పే అంకెలన్నీ ఆ మొదటి కూర్పువి. మీ దగ్గర వేరే కూర్పు ఉంటే అంకెలు దాంట్లోంచి తీసుకోండి, లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే.

నా మొదటి సేన మూడు ఎలీట్ రైడర్స్, ఒక ఎలీట్ ఫుట్ (మేటి కాల్బలం, అదీ 6 పాయింట్లే). నాలుగు ఆర్లు ఇరవై నాలుగు. పెట్టె మీద బొమ్మ చూసి కొన్న సేన అది. జెండాలు, ఈకలు, గుర్రాల మీద పట్టుబట్టలు. నాతో ఆడింది రైల్వే వర్క్‌షాపులో చేసి రిటైరైన ఒక పెద్దాయన. ఆయనవి అస్థిపంజరాలు, అన్నీ నాలుగేసి పాయింట్లవే.

ఈ ఆటలో యూనిట్ కదలాలంటే రెండు పాచికలు వేయాలి. నా గుర్రాలు ఊరికే ముందుకు నడవడానికి 7 లేదా అంతకంటే ఎక్కువ పడాలి. పడకపోతే ఆ ఒక్క యూనిట్ ఆగడం కాదు, నా వంతే అక్కడితో అయిపోతుంది. రెండు పాచికలు 36 రకాలుగా పడొచ్చు, అందులో 7 లేదా పైన వచ్చేవి 21. అంటే వందకు 58 సార్లు నడుస్తాయి, 42 సార్లు గడ్డి మేస్తాయి. పోనీ శత్రువు దగ్గరికొస్తే నయమా అంటే, అప్పుడు వాటిని ఆపడం నా తరం కాదు. దూకగలిగే దూరంలో ఎవరైనా కనిపిస్తే దాడికి ప్రయత్నించి తీరాలని వాటికి నియమం. ఆ సాయంత్రం పెద్దాయన మూడుసార్లు అడిగాడు: "నీ వంతు అయిపోయిందిగా అమ్మాయీ, టీ పెట్టనా?"

ఇంటికొచ్చి నాన్న పద్దు రాసినట్టు ఒక కాగితం మీద గీత గీసి రాసుకున్నాను. ఈ ఆటలో ఆర్మర్ అంటే ఒక బలం పోవడానికి ఎన్ని దెబ్బలు తగలాలి అని. ఎలీట్ రైడర్స్‌కి ఆర్మర్ 4, బలం 6. పూర్తిగా పడిపోవడానికి 24 దెబ్బలు. నేను పెట్టింది 6 పాయింట్లు. పాయింటుకు 4 దెబ్బలు. హెవీ ఫుట్‌కి ఆర్మర్ 3, బలం 12. అంటే 36 దెబ్బలు, 4 పాయింట్లకు. పాయింటుకు 9. విలుకాళ్లకు ఆర్మర్ 2, బలం 12. పాయింటుకు 6. మందకు ఆర్మర్ 1, బలం 12, ధర ఒక్క పాయింటు. పాయింటుకు 12!

ఇలా చూస్తే మందలే 24 కొనేయాలి. ఆగండి. దెబ్బ తిన్నప్పుడు ధైర్యం పరీక్ష ఉంటుంది. రెండు పాచికలు వేసి, అప్పటిదాకా పోయిన బలాన్ని అందులోంచి తీసేయాలి. మందకు మిగలాల్సింది 6. నాలుగు బలాలు పోయాయంటే పాచికల మీద 10 పడాలి, అది ఆరుసార్లలో ఒకసారి. హెవీ ఫుట్‌కి 4 చాలు, కాబట్టి అదే నష్టానికి 8 పడితే నిలబడతారు. పన్నెండుమంది ఉన్న మంద నలుగురు పడగానే పారిపోయే రకం. చవక బియ్యం కొంటే రాళ్లు ఏరుకునే టైమ్ కూడా లెక్కలో వేసుకోవాలని నాన్న అనేవారు. ఇదీ అంతే. ఒకటి కొనండి, రెండు కొనండి, దారికి అడ్డంగా పెట్టండి. ఏదైనా స్థావరాన్ని కాపాడమని మాత్రం వాళ్లకు అప్పజెప్పకండి.

ఖరీదైన యూనిట్ దేనికి మరి? కొట్టడానికి. ఎలీట్ రైడర్స్ దాడికి వెళ్తే 12 పాచికలు వేస్తారు, 3 లేదా పైన పడ్డవన్నీ దెబ్బలు, సగటున 8. ఆ ఎనిమిదీ హెవీ ఫుట్ మీద పడితే ఆర్మర్ 3 కాబట్టి రెండు బలాలు పోతాయి, మిగిలిన రెండు దెబ్బలు వృథా. విలుకాళ్ల మీద పడితే నాలుగు పోతాయి. మంద మీద పడితే ఎనిమిదీ పోతాయి. కాబట్టి ఖరీదైన యూనిట్ కొనేటప్పుడు అది ఎవరి మీదకు వెళ్తుందో, వాళ్ల దాకా ఏ దారిలో వెళ్తుందో అనుకుని కొనాలి. నా మొదటి ఆటలో అవి వెళ్లింది తిన్నగా ఈటెల వరస మీదకు. పైగా వాటి బలం 6 నుంచి 3కి దిగగానే 12 పాచికలు కాస్తా 6 అయిపోతాయి. రెండో దాడికి అంత డబ్బు పోసిన వీరులూ, పాయింటు మంద సగం చచ్చాక మిగిలినవాళ్లూ వేసేది అవే ఆరు పాచికలు.

చిన్నప్పుడు అరుగు మీద సుద్దముక్కతో గీసి ఆడిన పులి-మేక గుర్తుందా? మూడు పులులు, పదిహేను మేకలు. "పులులు నాకు" అని అరవని పిల్లలుండరు. కానీ కాస్త ఓపిక తెలిసినవాడు మేకల వైపు కూర్చుంటే పులులకు ఊపిరాడదు. నా రెండో సేనను మేకల వైపు నుంచి కట్టాను.

ఎన్ని యూనిట్లు ఉండాలో కూడా పాచికలే చెబుతాయి. హెవీ ఫుట్ నడవడానికి 5 చాలు, 36లో 30 సార్లు పడుతుంది. బాగానే ఉందనిపిస్తుంది. కానీ ఒకటి తప్పితే వంతు పోతుంది కదా, అందుకని వరసగా ఆరు యూనిట్లూ కదిలే వంతులు మూడింట ఒకటే. అదే పది యూనిట్లయితే ఆరింట ఒకటి కూడా కాదు. తొమ్మిదోదీ పదోదీ మీరు డబ్బు పోసి, రంగులేసి, బల్ల చివర నిలబెట్టి చూసుకునే యూనిట్లు. నా మటుకు ఐదు నుంచి ఏడు బాగుంటాయి. నాలుగుంటే ఒకటి పోయినా చెయ్యి విరిగినట్టుంటుంది, అది నాకు అనుభవమే.

ఇప్పుడు బొమ్మల పెట్టె సంగతి. ఓత్‌మార్క్ అని నార్త్ స్టార్ వాళ్ల గోబ్లిన్ (కథల్లోని పొట్టి రాక్షసులు) కాల్బలం పెట్టె ఒకటుంది, అందులో 30 బొమ్మలు. ముప్పై అంటే పన్నెండూ పన్నెండూ ఆరూ. ఈ ఆటకు అతికినట్టు సరిపోతుంది. ఈటెలతో పన్నెండుమంది హెవీ ఫుట్, విల్లులతో పన్నెండుమంది లైట్ మిసైల్స్, మిగిలిన ఆరుగురు స్కౌట్స్. ఒక్క పెట్టె, మూడు యూనిట్లు, 10 పాయింట్లు, ఒక్క బొమ్మా మిగల్లేదు. ఏ పెట్టె కొన్నా ముందు ఈ భాగహారం చేయండి. ఇరవై బొమ్మల పెట్టె కొంటే ఎనిమిది మిగిలి, వాటిని పన్నెండు చేయడానికి ఇంకో పెట్టె కొనాలనిపిస్తుంది. దుకాణాలు బతికేది ఆ ఎనిమిది మీదే.

తర్వాత తోడేళ్ల మీద గోబ్లిన్లు, పెట్టెకు పది. ఒక యూనిట్‌కి ఆరైతే నాలుగు మిగులుతాయి. కానీ ఈ ఆటలో బొమ్మ ఒకటంటే బలం ఒకటి అని కచ్చితం లేదు. బొమ్మలు తగ్గించి, బలాన్ని పక్కన ఒక పాచికతో చూపించినా చెల్లుతుంది. కాబట్టి ఐదూ ఐదూ పెట్టి, నాయకుడి బొమ్మను రెండుగా లెక్కేశాను. రెండు హెవీ రైడర్స్ యూనిట్లు, నాలుగేసి చొప్పున 8 పాయింట్లు. చివరికి ఒక ట్రోల్, ఒక్కటే బొమ్మ, బలం 6, ఆరు పాయింట్లు. పదీ, ఎనిమిదీ, ఆరూ. నేల పట్టుకునేవాళ్లకు పది, పరిగెత్తేవాళ్లకు ఎనిమిది, ముచ్చటకు ఆరు. ముచ్చట లేకపోతే ఆట ఎందుకు, అది తీసేయమని నేనెవరికీ చెప్పను. కాకపోతే దాన్ని చివర కొనండి.

డబ్బు లెక్క ఇది. కాల్బలం పెట్టెకు 28 పౌండ్లు. తోడేళ్లను ఒక వార్‌గేమ్ షోలో బ్రింగ్ అండ్ బై టేబుల్ మీద 15కి కొన్నాను. ఎవరో సగం రంగులేసి విసుగొచ్చి అమ్మేసినవి. ట్రోల్ 12. కారు విడిభాగాల కొట్లో నల్ల ప్రైమర్ (అడుగు పూత) స్ప్రే 7, ఒక ఆకుపచ్చ, ఒక గోధుమరంగు వాష్ (గుంటల్లోకి దిగే పల్చటి రంగు) కలిపి 8. మొత్తం 70. కుంచెలూ ఇంకో నాలుగు రంగులూ పాత సేన నాటివి ఉన్నాయి. అవి కూడా కొనాల్సొస్తే ఇంకో పదిహేను వేసుకోండి. ఆ పాత గుర్రాలను ఎనభైకి అమ్మానన్నది వేరే పద్దు, ఇందులో కలపను.

సెకండ్ హ్యాండ్ బొమ్మల మీద పెయింట్ దళసరిగా ఉంటుంది. ఇక్కడ అందరూ చేసే చిట్కా డెట్టాల్. మూత ఉన్న గాజుసీసాలో బొమ్మలు మునిగేలా నీళ్లు కలపని డెట్టాల్ పోసి ఒక రాత్రి ఉంచాలి. పొద్దున గ్లవ్స్ వేసుకుని పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే పెయింట్ తొక్కలా ఊడొస్తుంది. ఒక్కటే జాగ్రత్త: రుద్దడం పూర్తయ్యేదాకా నీళ్లు తగలనివ్వకూడదు. మళ్లీ డెట్టాల్‌లోనే ముంచి కడగాలి, పెయింటంతా పోయాకే సబ్బునీళ్లు. నాకది తెలియక తిన్నగా కుళాయి కింద పెట్టాను. ఊడిన పెయింట్ బెల్లంపాకంలా సాగి తోడేళ్ల మూతుల్లోనూ, సింకులోనూ, నా గ్లవ్స్ మీదా అతుక్కుంది. తప్పు నాదే. రెండు తోడేళ్లకు ఇప్పటికీ పళ్లు కనపడవు. ఇల్లంతా మూడు రోజులు ఆసుపత్రి వాసన.

పాయింట్లూ, డబ్బూ కాక మూడో జేబు ఒకటుంది, దాన్ని ఎవరూ లెక్కలో వేయరు: రంగులేసే టైమ్. నాకు ఒక్కో బొమ్మకు సగటున 25 నిమిషాలు పట్టింది. 41 బొమ్మలంటే పదిహేడు గంటలు. ఉద్యోగం, వంట, ఇండియాకు ఫోన్లు పోను నాకు వారానికి రెండు గంటలు మిగిలితే గొప్ప. అంటే రెండు నెలలు. నా మొదటి సేనలో ఒక్కో గుర్రానికి రెండేసి గంటలు పట్టేది, అందుకే సగం బూడిదరంగు ప్లాస్టిక్‌తోనే ఆడాను. కొనే ముందు బొమ్మ మీద బెల్టులు, సంచులు, నగలు ఎన్ని ఉన్నాయో చూడండి. ప్రతి బెల్టూ మీ టైమే. గోబ్లిన్ మీద చర్మం, గుడ్డ, ఇనుము, అంతే.

ఈటెల పన్నెండుమందిని ఎలా వేశానంటే: ఒక పొడుగు చెక్కముక్కకు రెండువైపులా అతుక్కునే టేపు వేసి, దాని మీద అందర్నీ వరసగా నిలబెట్టి నల్ల స్ప్రే కొట్టాను. ఆరాక, లేత బూడిదరంగు కుంచెకు అద్ది, కాగితం మీద తుడిచి తుడిచి, దాదాపు రంగు లేనట్టయ్యాక బొమ్మల మీద పైనుంచి కిందికి తేలిగ్గా రాశాను. ఎత్తుగా ఉన్న ముక్కు, చెవులు, పిడికిళ్లు తెల్లబడతాయి, గుంటలు నల్లగానే ఉంటాయి. దాని మీద ఆకుపచ్చను నీళ్ల మజ్జిగంత పల్చగా చేసి పూస్తే కింద ఉన్న వెలుగూ నీడా కనపడతాయి. గుడ్డలకు గోధుమరంగు, ఈటె మొనకు వెండిరంగు. చివర్లో గోధుమ వాష్. ఒక బొమ్మ మొత్తం పూర్తిచేసి రెండోది మొదలెట్టకండి. పన్నెండుమందికీ చర్మం, తర్వాత పన్నెండుమందికీ గుడ్డ. గారెల పిండి అంతా ఒకేసారి రుబ్బుకున్నట్టు. మూడు సాయంత్రాల్లో అయిపోయారు. వీళ్లు పూర్తయ్యేదాకా తోడేళ్ల జోలికి వెళ్లకూడదని పెట్టుకున్నాను, అది మాత్రం నిలబెట్టుకున్నాను.

వేరే ఆటలు ఆడేవాళ్లకు రెండు మాటలు. 2024 జనవరిలో మళ్లీ వచ్చిన వార్‌హామర్ ఓల్డ్ వరల్డ్‌లో పాయింట్లలో కనీసం 25 శాతం కోర్ యూనిట్లకు, అంటే సేనకు మూలమైన మామూలు యూనిట్లకు పెట్టాలి. 2,000 పాయింట్ల ఆటకు 500 అన్నమాట. ముందు అవి కొనండి. పాయింట్ల ధరలు మారినా, మీ మనసు మారినా కాల్బలం అవసరం మాత్రం పోదు. ఈ నెల అందరూ భయపడుతున్న రాక్షసుడిని చూసి కొంటే, వచ్చే ఏడు వాడి ధర పెరిగాక మీ సేనలో ఇమడడు. కింగ్స్ ఆఫ్ వార్ అనే ఆటలో అయితే యూనిట్ మొత్తం ఒకే బేస్ (అడుగుపలక) మీద ఉంటుంది, ఆట మధ్యలో బొమ్మలు ఒక్కొక్కటీ తీయరు. ఇరవైమంది ఉండాల్సిన రెజిమెంట్‌లో కొన్ని బొమ్మలు తగ్గించి మధ్యలో రాళ్లూ, విరిగిన బండిచక్రం, పొదలూ అతికించుకోవచ్చు. చూడ్డానికీ అదే బాగుంటుంది.

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ఆడాలనుకునేవాళ్లు విదేశాల నుంచి పెట్టె తెప్పిస్తే కొరియర్, కస్టమ్స్ కలిపి బొమ్మల ధరను దాటిపోవచ్చు. కాగితం బొమ్మలతో మొదలుపెట్టండి. వన్ పేజ్ రూల్స్ వాళ్ల ఏజ్ ఆఫ్ ఫాంటసీ మూల నియమాలు ఉచితంగా దొరుకుతాయి, అవీ ఏ బొమ్మలనైనా ఒప్పుకుంటాయి. కిందటి వేసవిలో భీమవరం వెళ్లినప్పుడు మా అక్క కొడుకుతో డైనింగ్ టేబుల్ మీద డ్రాగన్ ర్యాంపెంట్ ఆడాను. పెళ్లి శుభలేఖల అట్టలు యూనిట్లు, వాటి మీద పెట్టిన చింతపిక్కలు బలం. ఒక బలం పోయినప్పుడల్లా ఒక పిక్క తీసేయడమే. వాడు సేన రాసుకున్న కాగితం చూస్తే నాలుగు ఎలీట్ రైడర్స్.

"పిన్నీ, గుర్రాలన్నీ నావే. నీకేం కావాలో తీసుకో."

తీసుకున్నాను. మూడో వంతుకల్లా లేచి వెళ్లి ఫ్రిజ్‌లోంచి మామిడిపండు తెచ్చుకున్నాడు. మర్నాడు కాగితం మీద రెండు గుర్రాలు కొట్టేసి మూడు హెవీ ఫుట్ రాశాడు. రెండు ఆర్లు పన్నెండు, మూడు నాలుగులు పన్నెండు. ఐదు యూనిట్లు. నేనేమీ చెప్పలేదు.

ఈ నెల చేతిలో ముప్పై పౌండ్లే ఉంటే కాల్బలం పెట్టె ఒక్కటి చాలు. పది పాయింట్ల గోబ్లిన్లు, పక్కన అట్టముక్కతో రెండు మందలు, పన్నెండు పాయింట్లయ్యాయి. అవతలివాళ్లను కూడా పన్నెండుకే రమ్మంటే గంటలో ఆట అవుతుంది, నాలుగడుగుల బల్ల సరిపోతుంది. తోడేళ్లు వచ్చే నెల. ట్రోల్ ఆ పై నెల. నా ట్రోల్‌కి ఎడమ చెయ్యి ఇంకా అతికించలేదు. జిగురు అయిపోయింది. ఈ గురువారం కూడా కుడి చేత్తోనే కొడతాడు.